అమీన్‌పూర్ చెరువు మీద గద్ద

మియాపూర్ మెట్రో దగ్గర అమీన్‌పూర్ చెరువు అనగానే ఆటోవాలా మూడు వందలు అన్నాడు. ఎల్బీనగర్ నుంచి ఊరంతా దాటొచ్చినా మెట్రోకి అందులో సగం కాలేదు. బేరమాడి ఎక్కాను. 2016లో జీవవైవిధ్య వారసత్వ ప్రదేశంగా ప్రకటించిన చెరువు కదా, రాజహంసలు కనిపిస్తాయని ఆశ. చూస్తే ఒక్కటీ లేదు. గట్టు మీద కెమెరాల బారు మాత్రం ఉంది. "నిన్న ఉన్నాయి" అన్నాడొకాయన. ఒళ్లు మండింది.

ఇంతలో నీళ్ల మీది బొల్లికోళ్లన్నీ ఒక్కచోటికి మూగాయి. జమ్ము మీదుగా, రెక్కలు కాస్త పైకెత్తి పట్టి, బాగా కిందుగా ఒక గద్ద వస్తోంది. ముదురు గోధుమరంగు ఒళ్లు, నెత్తీ గొంతూ మీగడ రంగు. మార్ష్ హారియర్, ఆడది. గుంపు మీదికి దిగుతుంది, ఆగుతుంది, లేస్తుంది. బొల్లికోళ్లు నీళ్లు చిమ్ముతూ మునకలేస్తున్నాయి. అరగంట పైనే ఇదే వరస. చూసేవాడికే టెన్షన్.

"దొరకలేదు పాపం" అన్నాను. థర్మాకోల్ తెప్ప పక్కన వల సర్దుకుంటున్న పెద్దాయన నవ్వాడు. "ఏది దమ్ములేనిదో సూస్కుంటది సార్. గప్పుడు పడతది."

మా కైకలూరు వైపు గద్దంటే కోడిపిల్లల్ని తన్నుకుపోయేదే. దీని తీరు వేరు. ముఖం కాస్త గుడ్లగూబలా ఉంటుంది, గడ్డిలో ఎలుక కదిలినా చెవితో పట్టేస్తుంది. చలికాలానికే ఇటు వస్తుంది. గూడు మాత్రం మధ్య ఆసియా, రష్యా వైపు జమ్ములో, దాదాపు నేల మీదే. మగది పైనుంచి ఎరను వదిలితే ఆడది గాల్లోనే ఒడిసి పడుతుంది. ఆ విద్య మనకిక్కడ చూసే యోగం లేదు. డీడీటీలాంటి పురుగుమందుల పుణ్యమా అని 1971లో బ్రిటన్ మొత్తానికి గూడు కట్టే జంట ఒక్కటే మిగిలింది. మందులు ఆపాక మళ్లీ పెరిగాయి.

"మీ చేపలు తింటుందా?"

"కొంగలతోనే లొల్లి సార్, దీంతోని ఏం లేదు. జమ్ముతోనే పరేషాన్, వల పడనియ్యది. ఎండాకాలం కోయిస్తం."

గద్ద రాత్రి పడుకునేది ఆ జమ్ములోనే అని చెప్పాను.

"ఎండాకాలం అదెక్కడుంటది సార్? అది మళ్ల వచ్చేటాల్లకు జమ్ము గూడ మొలుస్తది" అన్నాడు.