అంగాలు ముడుచుకోలేని కూర్మం

స్థితప్రజ్ఞుని లక్షణాలు చెబుతూ శ్రీకృష్ణుడు భగవద్గీత 2వ అధ్యాయం 58వ శ్లోకంలో తాబేలును ఉపమానంగా తెచ్చాడు.

యదా సంహరతే చాయం కూర్మోఽఙ్గానీవ సర్వశః
ఇంద్రియాణీంద్రియార్థేభ్యస్తస్య ప్రజ్ఞా ప్రతిష్ఠితా

తాబేలు తన అవయవాలను అన్ని వైపుల నుంచీ ముడుచుకున్నట్లు, ఇంద్రియాలను విషయాల నుంచి మరల్చుకోగలిగినవాని ప్రజ్ఞ నిలకడగా ఉంటుందని దీని తాత్పర్యం. శ్రీమహావిష్ణువు కూర్మరూపంలో పూజలందుకునే శ్రీకాకుళం జిల్లా శ్రీకూర్మంలో ఈ ఉపమానం కళ్లెదుటే కనబడుతుంది. ఆ క్షేత్రంలో పెంచుతూ వచ్చిన నక్షత్ర తాబేళ్ల దగ్గర వంగి చేయి చాపితే చాలు, తలా కాళ్లూ క్షణంలో లోపలికి పోయి, పసుపు చారల డిప్ప ఒక్కటే రాయిలా మిగులుతుంది.

అదే జిల్లా తీరానికి గుడ్లు పెట్టడానికి వచ్చే ఆలివ్ రిడ్లే తాబేలుకు మాత్రం ఈ విద్య రాదు. ఈతకు అనువుగా ఏర్పడిన దాని శరీరంలో తలకు గాని, తెడ్లవంటి కాళ్లకు గాని డిప్పలో చోటు లేదు. శ్లోకం చదివేటప్పుడు నాకు ఇప్పుడు ఈ తాబేలే ముందుగా గుర్తుకొస్తుంది.

ముఖ్యంగా జనవరి నుంచి మార్చి వరకు, రాత్రివేళ అది అలలు దాటి ఇసుక మీదికి ఈడ్చుకుంటూ వస్తుంది. వెనక కాళ్లతో మూరెడు లోతు గొయ్యి తవ్వి, వంద దాకా గుడ్లు పెట్టి, పూడ్చిన ఇసుకను తన బరువుతోనే అదిమి, తిరిగి నీళ్లలోకి వెళ్లిపోతుంది. ఆ సమయంలో దాని కళ్ల వెంట కారే చిక్కని నీటిని చూసినవారు ఏడుస్తోందనుకుంటారు. ఒంట్లో పేరుకున్న ఉప్పును బయటికి పంపే ద్రవం అది. అయినా చూసేవారి గుండె కరగక మానదు.

సుమారు 45 నుంచి 60 రోజులకు పిల్లలు ఇసుకను తోసుకుని పైకి వస్తాయి. చీకటి తీరంలో అన్నిటికన్నా వెలుతురుగా కనబడేది సముద్రం వైపు దిగంతమే కనుక అవి అటే సాగుతాయి. ఒడ్డున విద్యుద్దీపాలు వెలిగితే దారి తప్పి రోడ్డెక్కి, తెల్లవారేసరికి ఎండిపోతాయి. తాబేలు ముడుచుకోలేదు కనుక, ఆ కొద్ది నెలలూ ముడుచుకోవలసింది ఒడ్డునున్న ఊరే. దీపం ఆరిందనడానికి కూడా నోరు రాక కొండెక్కిందనే మనకు, దీపాలార్పడమూ కైంకర్యమేనంటే మొదట మింగుడుపడదు.

వల విషయం ఇంత తేలిక కాదు. గాలి కోసం పైకి రావలసిన తాబేలు, మరపడవలు నీళ్లలో ఈడ్చుకుపోయే ట్రాల్ వలలో చిక్కితే ఊపిరాడక చనిపోతుంది. ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 వరకు అమలయ్యే సముద్రపు చేపల వేట నిషేధం మొదలయ్యేసరికి గుడ్లు పెట్టే ముఖ్యకాలం దాటిపోతుంది. తాబేలు తప్పుకుపోయేందుకు వలకు ద్వారం అమర్చే ఏర్పాటు ఉంది గాని, అందులోంచి చేపలూ పోతాయని మత్స్యకారుల బాధ. ఆ నష్టానికి ఓర్చి ద్వారం అమర్చుకున్నవాని నిగ్రహం ముందు, ఇంద్రియాలను వెనక్కి మరల్చడానికి ఏసీ గదిలో నేను చేసే ప్రత్యాహార సాధన చాలా చిన్నది.

పిల్లలు బయటికి వచ్చే రాత్రి చేతిలోని టార్చి కూడా ఆర్పేయాలి. మొదట ఏమీ కనబడదు. కాసేపటికి అలల అంచు బూడిదరంగులో తేలుతుంది. అప్పటికే పాదాల పక్కనుంచి అవి అటు వెళ్తున్న సన్నని చప్పుడు వినబడుతూ ఉంటుంది.