రెండో టక్

మా కారు ముందు ఎడమ తలుపు తెరిస్తే రెండుసార్లు ‘టక్’మనేది. సగం తెరిచినప్పుడు ఒకటి, పూర్తిగా తెరిచినప్పుడు ఇంకొకటి. కారు వయసు 11 ఏళ్లు. ఆ శబ్దం సరిగ్గా ఏ రోజు ఆగిపోయిందో ఇంట్లో ఎవరికీ గుర్తు లేదు.

నిరుడు ఎండాకాలంలో ఆ తలుపు పాత బీరువాలా కిర్రుమనడం మొదలుపెట్టింది. సర్వీసుకు ఇచ్చినప్పుడు చెప్పాను. వాళ్లు ఏదో నూనె స్ప్రే కొట్టి, బిల్లులో దానికో వరుస రాసి, డబ్బులు తీసుకున్నారు. నిజంగానే కిర్రు పోయింది. దానితో పాటే టక్కూ పోయింది. నాకు హాయిగా అనిపించింది. 22 ఏళ్లుగా లెక్కలు చెబుతున్నాను. వెనక బెంచీ ఉన్నట్టుండి నిశ్శబ్దమైతే అక్కడ ఏదో జరుగుతోందని తెలియాల్సినదాన్ని.

మా అత్తయ్యకు 76 ఏళ్లు. మోకాలికి ఆపరేషన్ అయ్యాక మంగళ, శుక్రవారాల్లో ఫిజియోథెరపీకి తీసుకువెళ్తున్నాను. మేముండేది హైదరాబాద్ మెహదీపట్నంలో. ఆ క్లినిక్ బంజారాహిల్స్ రోడ్ నంబర్ 12 నుంచి పక్కకు చీలే ఒక సందులో ఉంది. దాన్ని సందు అనడం కన్నా నిచ్చెన అనడం నయం. మోకాళ్ల నొప్పులవాళ్లు రావలసిన చోటును అంత ఎత్తు మీద పెట్టాలన్న ఆలోచన ఎవరికి వచ్చిందో గానీ, రోగులు తగ్గకుండా చూసుకునే ఉపాయంలా ఉంది.

ఆ శుక్రవారం బండి ముక్కు ఎత్తువైపు ఉండేలా ఆపి, హ్యాండ్‌బ్రేకు లాగి, గేరులో వదిలి, నేను అటు తిరిగి వస్తున్నాను. అత్తయ్య అంతవరకు ఆగలేదు. ఆగే మనిషి కాదు. తనే తలుపు తోసి, ఎడమ కాలు కింద పెట్టి, తలుపు పైఅంచు పట్టుకుని లేవబోయింది. చెయ్యి జారిందో, పట్టు మార్చుకోబోయిందో, తలుపు వెనక్కి వచ్చి కాలి ముందెముక మీద కొట్టింది. అదృష్టం, ఆపరేషన్ కాలు కాదు. నేను పరుగెత్తేసరికి కాలు పట్టుకుని సీట్లో కూర్చుని ఉంది.

“ఏమే అమ్మాయ్, ముసలిదాన్నని తలుపుకు కూడా లోకువైపోయానా?” అంది.

కాలు మీద నేరేడుపండు రంగు మచ్చ రెండు వారాలు ఉంది. నాకు మాత్రం ఆ మచ్చ కన్నా, తలుపు అంచు వచ్చి మూసుకునే బాడీ స్తంభం మీద ఉన్న ఆమె చేతి వేళ్లు ఎక్కువ రోజులు కళ్లముందు ఆడాయి. రెండు అంగుళాల తేడాతో బయటపడ్డాయి.

మా ఆయన సలహా: “చదునైన చోట ఆపితే సరిపోతుంది కదా.” బంజారాహిల్స్‌లో చదునైన చోటు, అదీ ఖాళీగా! ఆ తర్వాతి వారం రెండుసార్లూ నేను నడుముతో తలుపును ఆనించి నిలబడి, రెండు చేతులతో అత్తయ్యను లేపాను. మూడోసారి గొడుగు అడ్డం పెట్టాను. గొడుగు విరిగింది.

గుడిమల్కాపూర్ పూల మార్కెట్ వెనక ఒక షెడ్డు ఉంది. అక్కడి మేస్త్రిని అందరూ భాయ్ అంటారు, నేనూ అంతే. ఆయన బండి చుట్టూ తిరగలేదు, బానెట్ ఎత్తలేదు. తలుపును ఒక్క వేలితో తోసి వదిలాడు. ఎక్కడా ఆగకుండా అది కొసదాకా వెళ్లి, కొట్టుకుని, వెనక్కి తూలింది. “స్టాపర్ పోయింది మేడమ్” అన్నాడు.

నేను కబ్జాలు అరిగాయేమో అనుకున్నాను. ఈ ఊళ్లో ఆ మాటకు స్థలాల గొడవలే ముందు గుర్తొస్తాయి గానీ, వడ్రంగులకూ మెకానిక్కులకూ కబ్జా అంటే తలుపును మోసే బందు. “కబ్జాలు బాగానే ఉన్నాయి. కబ్జా మోస్తుంది, లాక్ మూసి పట్టుకుంటుంది, తెరిచి పట్టుకునేది ఇది” అని తలుపుకూ బాడీకీ మధ్య సందులో వేలు చూపించాడు. అక్కడ నల్లటి జిడ్డులో ఒక ఇనుప పట్టీ ఉంది. 11 ఏళ్లుగా ఆ సందులోనుంచే కాలు దింపుతున్నాను, ఒక్కసారి కూడా దాన్ని చూడలేదు.

విప్పుతుంటే పక్కనే నిలబడి చూశాను. అద్దం పూర్తిగా పైకి ఎత్తించాడు. తలుపు లోపలి ప్యాడ్ ఊడదీశాడు. పదో నంబరు పానాతో, కబ్జాలున్న స్తంభం వైపు ఒక బోల్టు, తలుపు అంచున రెండు నట్లు. ఆ తర్వాత స్పీకర్ రంధ్రంలోకి మోచేతిదాకా చెయ్యి పెట్టి, ఆవు ఈనేటప్పుడు దూడను తీసినట్టు మెల్లగా మెలిపెట్టి బయటికి లాగాడు.

దాన్ని పాత దినపత్రిక మీద పెట్టి తుడిచాక గాని పని తీరు అర్థం కాలేదు. జానెడు పట్టీ. ఒక కొస స్తంభానికి పిన్నుతో బిగించి ఉంటుంది, రెండో కొసన రబ్బరు దిమ్మ. పట్టీ మందం అంతటా ఒకేలా లేదు; ఉబ్బుతూ, సన్నబడుతూ, రెండు చోట్ల నడుములా నొక్కుకుని ఉంది. ఇది తలుపులో ఉన్న చిన్న డబ్బాలోనుంచి దూరి వెళ్తుంది. డబ్బాలో అటొకటి ఇటొకటి రోలర్లు, వాటిని పట్టీకేసి అదిమే స్ప్రింగు. తలుపు తెరుస్తుంటే ఉబ్బు దగ్గర రోలర్లు ఒకదానికొకటి దూరంగా జరుగుతాయి, చేతికి బరువు తెలుస్తుంది. నడుము దగ్గరకు రాగానే లోపలికి దిగి కూర్చుంటాయి. అదే టక్. ఇక మళ్లీ ఉబ్బు ఎక్కాలంటే మనిషి తోయాల్సిందే, గాలికీ వాలుకీ ఆ బలం చాలదు. కొసనున్న రబ్బరు దిమ్మది ఇంకో పని: గాలిదుమారంలో తలుపు విసురుగా తెరుచుకున్నా, ముందు రేకుకు తగలకముందే ఆపుతుంది. తొలినాళ్ల కార్లలో ఈ పని తోలు పట్టీ చేసేదట. ఇంగ్లీషులో ఇప్పటికీ దీన్ని చెక్ స్ట్రాప్ అనే అంటారు.

మా దానిలో ఒక రోలరు సగానికి చీలి ఉంది. రెండోది లేనేలేదు. భాయ్ తలుపును ఊపితే అడుగున ఎక్కడో గలగలమంది. “ఇక్కడే ఉంది” అని నవ్వాడు. కిర్రుమన్నప్పుడు గ్రీజు ఎండిపోయిందని అర్థమట. పల్చటి నూనె కొడితే ఉన్న కాస్త గ్రీజూ కరిగి కారిపోతుంది. నాలుగు రోజులు నోరు మూసుకుంటుంది, ఆ తర్వాత ఇనుము ఇనుమును తింటుంది. ఈ ముక్క బిల్లు రాసిన వాళ్లకు తెలియదని నేను నమ్మను.

శనివారం బడి అయ్యాక పాత ముక్కను పాలిథిన్ సంచిలో చుట్టుకుని రాణీగంజ్ వెళ్లాను. భాయే పంపించాడు, తను తెస్తే రెండు రోజులు పడుతుందట. మూడో దుకాణంలో దొరికింది. ముందుదా వెనకదా, ఎడమదా కుడిదా, బండి ఏ సంవత్సరానిది, పెట్రోలా డీజిలా అని అడిగారు. చివరి ప్రశ్నకూ తలుపుకూ సంబంధం ఏమిటో నాకు బోధపడలేదు. కంపెనీ సరుకు 650 రూపాయలు, దాని తమ్ముడిలా కనిపించేది 280. రెండూ చెరో చేతిలో పట్టుకుంటే తేడా అరచేతికే తెలిసింది. చవకదానిలో రోలర్ల బదులు పల్చటి ప్లాస్టిక్ చెక్కలు. 650 ఇచ్చాను. కూరగాయల దగ్గర 5 రూపాయలకు బేరం చేసే నేను నోరెత్తలేదు.

బిగించడం అరగంట పని. తెల్ల గ్రీజు పట్టించి, బోల్టు మరోసారి బిగించి, “తీయండి మేడమ్” అన్నాడు. టక్. టక్.

కానీ అక్కడితో వదల్లేదు. “పెద్దావిడ తలుపు పట్టుకుని లేస్తారా? అలా లేవకూడదు” అన్నాడు. అదే కదా నా బాధ అన్నాను. ఇంటికి వచ్చి కాగితం మీద లెక్క వేసుకున్నాను, వృత్తి దోషం. తలుపు బరువు 20 కిలోలు, ఆ బరువు కేంద్రం కబ్జా నుంచి అర మీటరు దూరం, వాలు పదింట ఒకటి అనుకుందాం. వాలు లాగే బలం 2 కిలోలు. మీటరు దూరంలో ఉన్న తలుపు అంచుకు వచ్చేసరికి కిలో, అంతకన్నా కాస్త తక్కువే. స్టాపర్ ఆపాల్సింది కిలో బియ్యం పొట్లమంత బలాన్ని. మా అత్తయ్య 68 కిలోలు. అందులో పావు వంతు తలుపు మీద వేసి పక్కకు లాగినా 17 కిలోలు. రోలర్లు ఉబ్బు దాటేస్తాయి. ఇంకా గట్టిగా, రబ్బరు దిమ్మ ఆనేదాకా తెరిచి అదే పనిగా వాలితే, భారమంతా స్తంభం మీది ఆ ఒక్క బోల్టు మీద పడుతుంది. రేకు చిరిగి బోల్టు ఊడి వచ్చిన బండ్లు తను చూశానన్నాడు భాయ్. అప్పుడు 650తో పోదు, వెల్డింగూ పెయింటూ.

అంటే తలుపుది నిలబడి ఉండే పనే గాని నిలబెట్టే పని కాదు. లేవడానికి ఇంకోటి ఉంది. తలుపు మూసినప్పుడు లాక్ వచ్చి పట్టుకునే కొండీ ఒకటి బాడీకి ఉంటుంది, ఇంగ్లీషు ‘యు’ అక్షరంలా. గుద్దుకున్నా తలుపు ఊడకుండా ఉండాలి కాబట్టి దాన్ని గట్టి ఉక్కుతో చేస్తారు. అందులో దూర్చుకునే చేతికర్ర లాంటి పిడి ఆన్‌లైన్‌లో దొరుకుతుంది. తెప్పించాను. అత్తయ్య దాన్ని అటూ ఇటూ తిప్పి చూసి, “ఈ సుత్తితో ఎవరిని కొట్టాలి?” అని పర్సులో పడేసుకుంది. మూడు వారాలు అక్కడే ఉంది. ఆ తర్వాత ఒకరోజు నేను ఫోన్‌లో ఉండగా తనే కొండీలో దూర్చుకుని లేచి నిలబడి, నేను చూశానా లేదా అని చూసింది. చూడనట్టే ఉండిపోయాను.

ఒకటి పట్టుకుంటే అన్నీ కనిపిస్తాయి. డిక్కీ తలుపు సంగతి డిసెంబరులో బయటపడింది. పగలు బాగానే నిలబడేది, తెల్లవారుజామున రైలుకు వెళ్లేటప్పుడు మా ఆయన నెత్తి మీదికి దిగింది. మర్నాడు మధ్యాహ్నం చూస్తే మళ్లీ బుద్ధిగా నిలబడింది. ఆయన దానికి తన మీద కక్ష అనుకున్నారు. డిక్కీ తలుపును ఎత్తి పట్టుకోవడానికి అటూ ఇటూ ఉండే గొట్టాల్లాంటి షాకర్లలో పెద్ద ఒత్తిడితో నైట్రోజన్ నింపి ఉంటుంది. చలికి వాయువు ఒత్తిడి తగ్గుతుంది. తొమ్మిదో తరగతి పిల్లలైనా చెబుతారు: మే నెలలో 42 డిగ్రీలంటే పరమ మానంలో, అంటే కెల్విన్లలో, 315, డిసెంబరు తెల్లవారుజామున 12 అంటే 285. దాదాపు 10 శాతం బలం అక్కడే పోయింది. షాకర్లు కొత్తవైతే ఆ లోటు కనిపించదు. సీలు అరిగి ఏటేటా కాస్త కాస్త గ్యాసు జారిపోయినవైతే, నిలబడటానికీ పడటానికీ మధ్య ఉన్న తేడా ఆ 10 శాతమే.

నెల రోజులు చీపురుకర్ర పోటు పెట్టాం. భాయ్ చూసి మొహం చిట్లించాడు. కర్ర కింది కొస సంచి తగిలి జారితే ఏమవుతుందో చెప్పనక్కర్లేదు. జత మార్పించాం, ఒక్కటే మారిస్తే తలుపు ఒకవైపు మెలి తిరుగుతుందట. పాతవాటిని కోయకూడదు, వేడి చేయకూడదు, మంటలో వేయకూడదని వాటి మీదే బొమ్మలతో రాసి ఉంటుంది. మా అబ్బాయి లోపల ఏముందో చూస్తానని రంపం తీశాడు. రంపం దాచేశాను.

ఇక మా వీధిలో పిల్లలను బడికి తీసుకువెళ్లే వ్యాను. పక్కకు జరిగే తలుపు. అలాంటి తలుపు పూర్తిగా వెనక్కి వెళ్లినప్పుడు పట్టుకోవడానికి పట్టాల చివర ఒక కొక్కెం ఉంటుంది. ఆ వ్యానుకు అది అరిగిపోయింది, డ్రైవరు నైలాన్ తాడు కట్టి లాక్కొస్తున్నాడు. మా వీధి మొదట్లో చిన్న దిగుడు ఉంది. బండి ముక్కు కిందికి ఉంటే ఆ తలుపు తనంతట తనే ముందుకు జారి మూసుకుంటుంది, పిల్లలు ఎక్కేటప్పుడు వేళ్లు పెట్టేది సరిగ్గా ఆ అంచు మీదే.

“తాడు ఉంది కదా టీచరమ్మా” అన్నాడు డ్రైవరు.

“తాడు కట్టేది ఎవరు?”

“ముందు ఎక్కిన పిల్లాడు.”

ఆ పిల్లాడు రెండో తరగతి. నేను గొంతు పెంచాను, వీధిలోవాళ్లు తలుపులు తీసి చూశారు. తల్లులు నలుగురం కలిసి ఆ కొక్కెం ఖర్చు పెట్టుకుంటామన్నాక తెల్లారేసరికి మార్పించాడు. తన డబ్బుతోనే మార్పించాడు, అది కూడా చెప్పాలి.

ఈ తలుపుల గోలంతా విని విసిగిపోయిన అత్తయ్య మొన్న ఒక మాట అంది. “అందుకే నాకు ఆటో అంటే ఇష్టం. తలుపే లేదు.” సమాధానం తోచలేదు.

మొన్న శుక్రవారం మళ్లీ అదే సందు, అదే ఎత్తు. తలుపు తోసి, రెండో టక్ వినిపించేదాకా కాలు కదపకుండా కూర్చుంది. ఆ తర్వాత పర్సులోంచి సుత్తి తీసింది.

వెనక కుడి తలుపు నిన్నటి నుంచి కిర్రుమంటోంది. ఆదివారం భాయ్ షెడ్డు తీయడు. సోమవారం బడికి వెళ్లే ముందు అటు ఒకసారి వెళ్లి రావాలి.