అరగంట ఖాళీల్లో మగ్గం వర్క్

ఇంట్లో మొదలైన మగ్గం వర్క్ సగంలో ఆగిపోతే కారణం చాలాసార్లు టైం కాదు, ఫ్రేమ్. హాలంతా ఆక్రమించే చెక్క ఫ్రేమ్‌ని భోజనాల వేళకి తీసి మళ్లీ బిగించే ఓపిక ఎవరికుంటుంది? స్టాండున్న గుండ్రటి ఫ్రేమ్ అయితే గోడవారగా పెట్టేయొచ్చు. లోపలి రింగుకి కాటన్ పట్టీ చుడితే బట్ట జారదు, పట్టు మీద మచ్చ పడదు.

అసలు చిక్కు మధ్యలో లేవడంలో ఉంది. కొక్కెం మొన ఉండే ఆరి సూదితో వేసేది గొలుసు కుట్టు. చివరి లూపుని కట్టకుండా వదిలేస్తే, పిల్లలు దారం కొస లాగినా సరే, వరసంతా సర్రున ఊడొస్తుంది. అందుకే కుక్కర్ కూత వినబడినా ముందు ఆ లూపు మీదుగా చిన్న కుట్టు వేసి, అడుగున ముడి వేశాకే లేవాలి. ఒకసారి కూర్చుంటే ఒక ఆకో, ఒక పువ్వో అని ముందే సుద్దతో గుర్తు పెట్టుకుంటే ఆపడం తేలిక.

ముందు బట్టంతా దారం, జరీ పని పూర్తిచేసి, తర్వాతే పూసలకి వెళ్లండి. గుండ్రటి ఫ్రేమ్ జరపక తప్పదు కదా, పూసల మీద రింగు బిగిస్తే పగులుతాయి. జిగురుతో అతికించే కుందన్ రాళ్లు అన్నిటికన్నా చివర, పిల్లలు పడుకున్నాక: జిగురు రాత్రంతా కదలకుండా ఆరాలి.

నడిచే పాపాయి ఉన్న ఇంట్లో పూసలు మూత బిగిసే డబ్బాలోనే, సూది ఎప్పుడూ టోపీతోనే. పని ఆపినప్పుడు సూదిని బట్టకి గుచ్చి వదలకండి, పట్టుకి చిల్లు పడుతుంది.