‘నాట్ ఆల్వేస్’ అంటే ‘ఎప్పుడూ కాదు’ కాదు: నా రీడింగ్ 6 నుంచి 7.5 దాకా

మొన్న రిజల్ట్ వచ్చింది. ఐఈఎల్‌టీఎస్ అకడమిక్, రెండో ప్రయత్నం. విదేశాల్లో చదువుకు వెళ్లేవాళ్లు రాసే ఇంగ్లీషు పరీక్ష ఇది; లిజనింగ్, రీడింగ్, రైటింగ్, స్పీకింగ్ అని నాలుగు భాగాలు, ఒక్కోదానికి 9 దాకా ‘బ్యాండ్’ అనే స్కోరు ఇస్తారు. రీడింగ్ 7.5. పోయినసారి ఇదే రీడింగ్ 6 దగ్గర ఆగిపోయింది, నాకు కావాల్సింది 7. లిజనింగ్, స్పీకింగ్ రెండుసార్లూ గట్టెక్కాయి కాబట్టి వాటి జోలికి పెద్దగా వెళ్లను. రైటింగ్ గురించి చివర్లో ఒక్క ముక్క చెప్తాను, అంతకంటే చెప్పే అర్హత నాకు లేదు.

40 ప్రశ్నలు, 60 నిమిషాలు, ఆ లెక్కలన్నీ మీకు తెలిసినవే. 7 రావాలంటే సుమారు 30 కరెక్ట్ అవ్వాలి, 6కి ఓ 23 చాలు. అంటే నాకూ 7కీ మధ్య మహా అయితే ఏడు జవాబుల దూరం. అవి ఏవన్నది రిజల్ట్‌లో ఉండదు, బ్యాండ్ ఒక్కటే ఉంటుంది. అప్పట్లో అడిగిన వాళ్లందరికీ టైమ్ చాలలేదని చెప్పాను. నిజానికి చివర్లో నాలుగు నిమిషాలు మిగిలాయి. వొకాబులరీ తక్కువేమోనని రోజుకు ముప్పై పదాల చొప్పున రెండు నెలలు బట్టీ పట్టాను. మాక్ టెస్టుల్లో మాత్రం 24, 25, మళ్లీ 24. పదాలు పెరుగుతున్నాయి, మార్కులు కదలట్లేదు.

అప్పుడు విసుగొచ్చి ఓ పాత నోట్‌బుక్‌లో తప్పు జవాబులు మాత్రమే రాయడం మొదలుపెట్టాను. పాసేజ్‌లోని వాక్యం, కింద ప్రశ్నలోని వాక్యం, పక్కన నేను పెట్టింది, అసలు జవాబు. ఎనిమిది టెస్టులయ్యాక చూస్తే ట్రూ, ఫాల్స్, నాట్ గివెన్ దగ్గరే ఎక్కువ పోయాయి (ప్రశ్నలోని వాక్యం పాసేజ్‌తో సరిపోతే ట్రూ, దానికి విరుద్ధమైతే ఫాల్స్, పాసేజ్‌లో ఆ సంగతే లేకపోతే నాట్ గివెన్). అందులోనూ సగానికి పైగా వాక్యాల్లో ఏదో ఒక మూల ‘నాట్’ ఉంది. నెగెటివ్ మార్కులు లేని పరీక్షలో నన్ను నెగెటివ్ వాక్యాలు ముంచాయి.

కారణం మాత్రం నాకు నేనుగా తట్టలేదు. ఒక రాత్రి అక్క పక్కన కూర్చుని ఉంటే తేనెటీగల పాసేజ్ ఒకటి పైకి చదువుతున్నాను. ‘బీస్ డు నాట్ ఆల్వేస్ రిటర్న్ టు ద సేమ్ ఫ్లవర్’. కింద ప్రశ్న: తేనెటీగలు ఒకసారి వాలిన పువ్వు దగ్గరికి మళ్లీ రావు. నేను ట్రూ పెట్టాను, కీలో ఫాల్స్ ఉంది. కీ తప్పని గొణుక్కుంటుంటే అక్క అర్థం అడిగింది. ‘తేనెటీగలు ఎప్పుడూ అదే పువ్వు దగ్గరికి రావు’ అని చెప్పాను.

“అస్సలు రావా, ఒక్కోసారి వస్తాయా?” అంది.

చూస్తే పాసేజ్‌లో తర్వాతి వాక్యమే, తిరిగి వచ్చినప్పుడు ఎంతసేపు ఉంటాయో చెబుతోంది. అది చదివి కూడా ట్రూ పెట్టాను! తప్పు ఇంగ్లీషులో జరగలేదు, నా తలలో నడిచే తెలుగులో జరిగింది. ఆల్వేస్ అంటే ఎప్పుడూ, నాట్ అంటే కాదు, రెండూ కలిపితే ‘ఎప్పుడూ కాదు’. కానీ తెలుగులో ‘ఎప్పుడూ రావు’ అంటే నెవర్ అయిపోతుంది. ‘నాట్ ఆల్వేస్’కి మన మాట ‘ప్రతిసారీ రావు’, లేదా ‘ఎప్పుడూ వస్తాయనేం లేదు’. ఆ చిన్న ‘అనేం లేదు’లో అంతా ఉంది. ‘నాట్ నెసెసరిలీ’కి కూడా అదే సరిపోతుంది: ఖరీదైనదల్లా మంచిదనేం లేదు.

ఆ రాత్రి నోట్‌బుక్ మొత్తం మళ్లీ తిరగేశాను. ‘నాట్ రియల్లీ కన్విన్స్‌డ్’ అన్నచోట ‘నిజంగా నమ్మలేదు’ అనుకుని, రచయిత ఆ ఫలితాలను పూర్తిగా కొట్టిపారేశాడన్న ప్రశ్నకు యెస్ పెట్టాను (రచయిత అభిప్రాయం అడిగే చోట ట్రూ, ఫాల్స్ బదులు యెస్, నో ఉంటాయి). అక్కడ ఉన్నది ‘అంతగా నమ్మకం కుదరలేదు’ మాత్రమే. అదే ‘రియల్లీ నాట్’ అయితే ‘అస్సలు నమ్మలేదు’. రెండు మాటలూ అవే, వరస మారితే ఒకటి మెత్తబడుతుంది, ఒకటి గట్టిపడుతుంది. మనకు ‘కాదు, లేదు’ వాక్యం చివర క్రియకు అతుక్కుని వస్తాయి కాబట్టి వరస మీద మన కన్ను పడదు. ‘అంతగా, పెద్దగా, అస్సలు’ లాంటి మాటలతో ఆ పని చేసుకుంటాం. ఇంగ్లీషులో చాలాసార్లు ఆ పని స్థానమే చేస్తుంది.

అప్పటి నుంచి నేను పెట్టుకున్న గుర్తు ఒకటే: ‘నాట్’ తన తర్వాత వచ్చిన మాటను పట్టుకుని కాదంటుంది, తన ముందున్న దాన్ని వదిలేస్తుంది. ‘హీ డిడ్ నాట్ డెలిబరేట్‌లీ బ్రేక్ ఇట్’ అంటే పగలగొట్టాడు కానీ కావాలని కాదు. ‘హీ డెలిబరేట్‌లీ డిడ్ నాట్ ఆన్సర్’ అంటే కావాలనే జవాబివ్వలేదు. మొదటి దాంట్లో పని జరిగింది, రెండో దాంట్లో జరగలేదు. ‘నాట్ జస్ట్’ అంటే అది మాత్రమే కాదు, ‘జస్ట్ నాట్’ అంటే కానే కాదు. ‘ప్రాబబ్లీ నాట్’లో ‘ప్రాబబ్లీ’ ముందే ఉంది కాబట్టి నాట్‌కి దొరకదు, బహుశా కాదు. ఇది నూటికి నూరుసార్లూ పనిచేస్తుందనేం లేదు. ‘ఆల్ దట్ గ్లిటర్స్ ఈజ్ నాట్ గోల్డ్’లో ‘ఆల్’ నాట్‌కి ముందే ఉన్నా అర్థం మాత్రం ‘మెరిసేదల్లా బంగారం కాదు’ అనే, మెరిసేది ఏదీ బంగారం కాదని కాదు. అలాంటి చోట సందర్భం చూసుకోవాల్సిందే.

ఇక అసలు ‘నాట్’ కనబడకుండానే కాదనే మాటలు: హార్డ్లీ, స్కేర్స్లీ, బేర్లీ. నా మొదటి స్పీకింగ్‌లో ఎంత కష్టపడ్డానో చెప్పబోయి ‘ఐ వర్క్‌డ్ హార్డ్లీ’ అన్నాను. అంటే దాదాపు ఏ పనీ చేయలేదని నా నోటితో నేనే ఒప్పుకున్నాను. ఎగ్జామినర్ ముఖంలో ఏమీ మారలేదు, పాపం వాళ్లకు అలవాటే అనుకుంటాను. హార్డ్లీ నెగెటివ్ అన్న సంగతి క్వశ్చన్ ట్యాగ్ చూస్తే తెలిసిపోతుంది: ‘హీ హార్డ్లీ టాక్స్, డజ్ హీ?’ అంటాం తప్ప ‘డజంట్ హీ’ అనం. అందుకే దాని పక్కన ‘సమ్’ రాదు, ‘ఎనీ’ వస్తుంది. ‘హార్డ్లీ ఎనీ ఎవిడెన్స్’ అంటే ఆధారాలు లేనట్టే. బేర్లీ దగ్గర మాత్రం జాగ్రత్త. ‘హీ బేర్లీ పాస్‌డ్’ అంటే బొటాబొటిగానైనా పాసయ్యాడు. పని జరిగింది. నేను రెండిటినీ ఒకే గాటన కట్టి రెండు మార్కులు పోగొట్టుకున్నాను.

ఇంకో దొంగ జంట ఉంది. ‘నాట్ ఇన్ ద లీస్ట్’ అంటే ఏమాత్రం కాదు. ‘నాట్ లీస్ట్ బికాజ్’ అంటే ముఖ్యంగా ఫలానా కారణం వల్ల. లీస్ట్ చూసి ‘చిన్న కారణం’ అనుకున్నారో, మునిగారు.

‘ఆల్వేస్, నెవర్, ఓన్లీ కనబడితే కళ్లు మూసుకుని ఫాల్స్ పెట్టండి’ అని నేను వెళ్లిన కోచింగ్‌లో చెప్పారు. దయచేసి పెట్టకండి. పాసేజ్ కూడా నెవర్ అంటే జవాబు ట్రూనే కదా. ఆ చిట్కా నమ్మినందుకు వాళ్లను అనడం అనవసరం, ఆలోచించడానికి బద్ధకించి పట్టుకున్నది నేనే.

మిగతా ప్రిపరేషన్ అందరిదీ చదివినట్టే ఉంటుంది. పొద్దున గంటన్నర, రాత్రి గంట, వారానికి రెండు మాక్ టెస్టులు. ఫోన్ వేరే గదిలో పెట్టేదాన్ని. ఇందులో గొప్పేం లేదని తెలుసు. కానీ ‘నీకు లక్ కలిసొచ్చింది’ అని ఇద్దరు అన్నారు కాబట్టి చెప్తున్నాను: నూట పద్నాలుగు తప్పుల్ని చేత్తో రాసి, ఒక్కోదాని పక్కన ‘ఎందుకు’ అని మళ్లీ రాయడం లక్ కాదు. సినిమాలు, పెళ్లిళ్లు అన్నీ మానేయక్కర్లేదు. నేను ఒక పెళ్లికి వెళ్లాను, మూడు రోజులు పుస్తకం ముట్టలేదు కూడా. నాలుగో రోజు కూర్చున్నామా లేదా అన్నదే లెక్క. సరే, క్లాసు పీకుతున్నాను, ఆపేస్తాను.

రైటింగ్ 6.5, పోయినసారి ఎంతో ఈసారీ అంతే. నాకు అది చాలు కాబట్టి బతికిపోయాను. ఈ నాట్‌ల మోజులో పడి ప్రాక్టీస్‌లో రాసిన ఒక టాస్క్ 2 ఎస్సేలో (రైటింగ్‌లో రెండో ప్రశ్న, ఒక విషయం మీద రాసే వ్యాసం) ‘నాట్ నెసెసరిలీ’ నాలుగుసార్లు, ‘నాట్ ఎంటైర్లీ’ మూడుసార్లు వాడాను. చాలా తూకంగా రాశానని మురిసిపోయి అక్కకు చూపించాను. మొత్తం చదివి కాగితం నా చేతికిచ్చింది.

“బాగుందే. ఇంతకీ నువ్వు అవునంటున్నావా, కాదంటున్నావా?”