ఛార్జర్ తీస్తే మాయమయ్యే మోడెమ్, మూడో వారం

దొంగ దొరికాడు! లైనక్స్ నడిచే ఈ ల్యాప్‌టాప్ లోపలి 4జీ మోడెమ్ (మొబైల్ నెట్ కార్డు), ల్యాప్‌టాప్ నిద్ర లేచాక ఒకసారి పలుకుతుంది, ఇంకోసారి పలకదు, దీనికో లెక్కాపత్రం లేదనుకున్నా ఇన్నాళ్లూ. ఉంది. ఛార్జర్.

ఇంట్లో టేబుల్ మీద ఎన్నిసార్లు మూత వేసి తీసినా బానే ఉండేది. సరే కుదిరిపోయింది అనుకుని ఆదివారం విజయవాడ బస్సెక్కా, సూర్యాపేట దగ్గర టిఫిన్‌కి ఆపితే మూత వేసి దిగి, ఇడ్లీ తిని వచ్చి తీస్తే మోడెమ్ లేదు. ఎంఎంసీఎల్ఐ అనే మోడెమ్ కమాండ్‌ని అడిగితే మోడెమ్‌లేవీ లేవంటుంది. రీబూట్ చేస్తే వచ్చింది. ఇంటికొచ్చి మళ్లీ టేబుల్ మీద పెడితే పదికి పది సార్లు ఓకే! బస్సు కుదుపులకి కార్డు కదిలిందేమో, యాంటెన్నా తీగ ఊడిందేమో అని వెనక మూత విప్పి కూడా చూశా. ఆ యాంటెన్నా క్లిప్పు పెసరగింజంత ఉంటుంది, మళ్లీ టిక్‌మని కూర్చోబెట్టేసరికి అరగంట పట్టింది, చూస్తే అసలు ఊడనే లేదు.

మంగళవారం రాత్రి కరెంటు పోయింది, విసుగొచ్చి మూత వేసి పడుకున్నా, పొద్దున తీస్తే మోడెమ్ గాయబ్. అప్పుడు వెలిగింది: టేబుల్ మీద ఛార్జర్ ఉంటుంది, బస్సులో, కరెంటు పోయినప్పుడు ఉండదు.

కూర్చుని లెక్క రాశా. డీప్ స్లీప్‌లో (ర్యామ్ తప్ప దాదాపు అన్నీ ఆగిపోయే నిద్ర) ఐదేసి నిమిషాలు, ఛార్జర్ ఉంటే 10కి 10, తీసేస్తే 10కి 0. ఎస్2ఐడిల్‌లో (పూర్తిగా ఆగని తేలిక నిద్ర) అయితే ఛార్జర్ ఉన్నా లేకపోయినా 10కి 10, కాకపోతే రాత్రి 8 గంటలకి బ్యాటరీ డీప్‌లో 3 శాతం తింటే ఇది 14 తింది. అది నాకు కుదరదు. డీమెసేజ్‌లో (కెర్నెల్ రాసే లాగ్) తేడా కళ్లకి కట్టినట్టుంది: ఛార్జర్ ఉంటే యూఎస్‌బీ డివైస్ రీసెట్ అని ఒక్క లైను, బ్యాటరీ మీద అయితే డిస్‌కనెక్ట్, ఆ తర్వాత కొత్త నంబర్‌తో కొత్త డివైస్. అంటే బ్యాటరీ మీద నిద్రపోతే మోడెమ్ కార్డు స్లాట్‌కి కరెంటే కట్ చేస్తోంది బోర్డు, మోడెమ్ మొదట్నుంచి బూట్ అవ్వాలి. రెండు వారాలు యూఎస్‌బీ ఆటోసస్పెండ్‌ని (వాడని యూఎస్‌బీ పరికరాన్ని నిద్రపుచ్చేది) తిట్టుకున్నా, అది జరక్కుండా పవర్ కంట్రోల్‌ని ఆన్‌లో పెట్టి చూశా, పాపం దానికేం సంబంధం లేదు.

మరి బూట్ అయ్యాక రావాలి కదా? ఎల్ఎస్‌యూఎస్‌బీలో (యూఎస్‌బీ పరికరాల జాబితా) కనిపిస్తుంది, దాంతో మాట్లాడే సీడీసీ-డబ్ల్యూడీఎం0 పోర్టు కూడా ఉంటుంది, కానీ మోడెమ్‌ని నడిపే మోడెమ్‌మేనేజర్ సర్వీస్ అప్పుడే వెళ్లి పలకరిస్తుంది, లోపలి ఫర్మ్‌వేర్ ఇంకా కళ్లు నులుముకుంటూ ఉంటుంది, జవాబు రాక టైమవుట్ అయ్యి ఇది వదిలేస్తుంది, మళ్లీ అడగదు. లేచాక ఎంతసేపు ఆగి మోడెమ్‌మేనేజర్ మొదలుపెడితే వస్తుందో కొలిచా, ఐదేసి సార్లు: 10 సెకన్లకి 0, 15కి 2, 20కి 4, 25కి 5, 30కి 5. సరే 25.

ఇక్కడ ఇంకో బోల్తా. సిస్టమ్‌డీ (లైనక్స్‌లో సర్వీసులన్నీ నడిపేది) స్లీప్ ఫోల్డర్లో స్క్రిప్ట్ పెట్టి, పడుకునే ముందు మోడెమ్‌మేనేజర్ ఆపి, లేచాక 25 సెకన్లు ఆగి మొదలుపెట్టమన్నా. మోడెమ్ వచ్చింది, కానీ వైఫై కూడా 25 సెకన్లు రాలేదు! ఆ స్క్రిప్టు అయ్యేదాకా సిస్టమ్‌డీ నిద్ర పూర్తయిందనుకోదట, వైఫై చూసుకునే నెట్‌వర్క్‌మేనేజర్ పాపం కాచుక్కూర్చుంది. చివర్లో ఆంపర్‌సాండ్ (&) తగిలించి బ్యాక్‌గ్రౌండ్‌కి తోశా, నిద్ర సర్వీస్ అవగానే సిస్టమ్‌డీ దాని పిల్ల ప్రాసెస్‌లని కూడా చంపేస్తుంది కాబట్టి ఈసారి మోడెమే రాలేదు. ఆఖరికి సిస్టమ్‌డీ-రన్‌తో 25 సెకన్ల టైమర్ పెడితే కుదిరింది.

ఎఫ్‌సీసీ తాళం (మోడెమ్ రేడియోకి కంపెనీ వేసి పంపే తాళం) గొడవ పోయిన వారమే తేలిపోయింది, 1.18.4 వెర్షన్ నుంచి మోడెమ్‌మేనేజర్ దాన్ని తనంతట తాను తీయదు, తీసే స్క్రిప్టుకి లింకు మనమే పెట్టాలి, అంతే. డెబియన్ 12 మీద 1.20 ఉంది, అదే చాలు.

పాత హువావే డాంగిల్ రోజులే నయం అనిపిస్తుంది నాకు, పలక్కపోతే పీకి మళ్లీ గుచ్చితే పనయ్యేది. లోపలి కార్డుని పీకలేం కదా. ఇంకా నా మటుకు మోడెమ్‌తో మాట్లాడే పద్ధతుల్లో ఎంబీఐఎం కన్నా క్యూఎంఐనే నయం, లాగ్ చదివితే కాస్త అర్థమవుతుంది.

ఇంకో చిరాకు మిగిలింది: లేపి 25 సెకన్లలోపే మళ్లీ మూత వేసేస్తే పాత టైమర్ అలాగే ఉండిపోయి తర్వాత లేవగానే తొందరపడి మొదలుపెట్టేస్తోంది. పడుకునే ముందు దాన్ని కూడా రద్దు చేయాలి. అసలు లెక్కపెట్టడం కాదు, పోర్టు కనిపించాక యూడెవ్ (కొత్త డివైస్ వస్తే పసిగట్టేది) రూల్‌తో మొదలుపెట్టి, జవాబు వచ్చేదాకా మళ్లీ మళ్లీ అడిగేలా రాస్తే పద్ధతిగా ఉంటుంది, శనివారం దాని మీద కూర్చుంటా. 5జీ కార్డు కొందామనీ ఉంది కానీ వాటిల్లో చాలా మటుకు యూఎస్‌బీ కాకుండా పీసీఐఈ అనే వేరే దారి మీద వస్తాయి, నా స్లాట్‌లో ఆ లైన్లు ఉన్నాయో లేదో చూడాలంటే ముందు మళ్లీ ఆ వెనక మూత విప్పాలి, ఆ పెసరగింజ క్లిప్పులు తలుచుకుంటేనే నీరసం వస్తోంది.