మా కోన్రాడ్‌కి జనన పత్రం: నా అనుభవం

మొత్తానికి నిన్న మా బాబు జనన పత్రం చేతికొచ్చింది. జర్మనీలో బిడ్డ పుట్టిన వారం లోపు రిజిస్ట్రార్ ఆఫీసుకు తెలియజేయాలి. ఆ పని ఆసుపత్రివాళ్లే చేసేశారు.

పేరు ముందే అనుకున్నాం, కోన్రాడ్ అని. మా ఆయన జర్మన్. వాళ్ల తాతగారి పేరది. పాత జర్మన్‌లో ధైర్యం, ఆలోచన అనే రెండు మాటలు కలిసి పుట్టిన పేరు. 911లోనే కోన్రాడ్ అనే రాజున్నాడు. 1949లో పశ్చిమ జర్మనీ తొలి ఛాన్సలర్ అయిన అడెనావర్‌ది కూడా ఇదే పేరు. నాకు మాత్రం 1941లో బెర్లిన్‌లో జెడ్3 కంప్యూటర్ తయారుచేసిన కోన్రాడ్ ట్సూజె వల్ల నచ్చింది, నేను బతికేది కంప్యూటర్ల మీదే కదా! పాతకాలం పేరని ఇక్కడి స్నేహితులు కొందరు మూతి విరిచారు. విరుచుకోనీ, ఆ నిండుదనం కొత్త పేర్లకు రాదు. రెండో పేరు మా నాన్నగారిది, రామచంద్ర. మా అమ్మకైతే వాడు అప్పుడే "కొండబాబు" అయిపోయాడు.

ఆఫీసులో రెండు పేర్లూ క్షణంలో ఒప్పుకున్నారు. చిక్కంతా నా దగ్గరే వచ్చింది. గుంటూరులో ఇచ్చిన నా జనన పత్రంలో అమ్మానాన్నల పేర్లున్నాయి, ఆడ అని ఉంది, పేరు గడి ఖాళీ. మన దగ్గర ఇలాంటివి ఎన్నో! ఆఫీసులో ఉన్న ఆవిడ ఆ గడి మీద పెన్నుతో తట్టి, "ఈ ఆడపిల్ల మీరేనని ఏమిటి రుజువు?" అంది. పాస్‌పోర్ట్ ఇచ్చాను. పదో తరగతి సర్టిఫికెట్ ఇచ్చాను. "ఇది స్కూలు కాగితం" అని పక్కకు నెట్టింది. పక్క టేబుల్ ఆయన తలెత్తి చూశాడు. పచ్చి బాలింతని, ఒళ్లో పసిగుడ్డు. నేనెవరో నేనే రుజువు చేసుకోవాలట. ఏడుపు, కోపం ఒక్కసారే తన్నుకొచ్చాయి.

అన్నయ్య మున్సిపల్ ఆఫీసు చుట్టూ తిరిగి నా పేరు చేర్పించాడు. అపొస్టిల్, అంటే మన పత్రం విదేశాల్లో చెల్లడానికి ఇక్కడి ప్రభుత్వం వేసే ముద్ర, వేయిస్తే చాలనే ఏజెంట్ల మాట నమ్మకండి. మన అపొస్టిల్ జర్మనీలో చెల్లదు. పత్రం నిజమైనదేనా అని జర్మనీవాళ్లు ఇండియాలో లాయరుతో విచారణ చేయిస్తారు, దానికి నెలలు పడుతుంది.

ఈలోగా జనన పత్రం బదులు బిడ్డ జనన రిజిస్టర్ నకలు అడిగి తీసుకోండి. తల్లి గుర్తింపు రుజువు కాలేదని అందులో రాస్తారు, అయినా పనికొస్తుంది. ఆవిడ ఆ సంగతే చెప్పలేదు. మా ఆయన చట్టం చదివి నిలదీస్తేనే ఇచ్చింది. పిల్లల భత్యానికి దాంతోనే దరఖాస్తు పెట్టాం.