ఏ అకేషన్‌కి?

పదకొండున్నర అయింది, అందరూ పడుకున్నారు, నేను మాత్రం ఒక టీపాయ్ గురించి ఆలోచిస్తూ కూర్చున్నాను. ఇక్కడ ఇంగ్లండ్ షాపుల్లో దాన్ని అకేషనల్ టేబుల్ అంటారు. ఆ బోర్డు చూసి మా ఆయన "ఏ అకేషన్‌కి? సంక్రాంతికా, సత్యనారాయణ వ్రతానికా?" అని అడిగి ఆయనే నవ్వుకున్నారు. మూడు షాపులు తిరిగాం, మూడింట్లోనూ అదే జోకు.

లీడ్స్ వానలో శనివారమంతా దీనికే పోయింది. అత్తయ్యగారు వచ్చిన దగ్గర్నుంచీ కాఫీ గ్లాసు సోఫా పక్కన నేల మీద పెట్టుకుంటున్నారు, చిన్నాడు రెండుసార్లు తన్నేశాడు, మరకలన్నీ మా కార్పెట్‌కే. కొంటే సాలిడ్ ఓక్ చెక్కదే కొనాలి అని పట్టుబట్టింది మాత్రం నేనే.

నాకు ఒళ్ళు మండింది ఆ లేబుళ్ళ దగ్గర. ముందువైపు ఇంతింత అక్షరాలతో సాలిడ్ ఓక్ అని ఉంటుంది, తిప్పి చూస్తే చీమ తలకాయంత అక్షరాల్లో "సాలిడ్ ఓక్, ఓక్ వెనీర్" అని. అంటే కాళ్ళు చెక్కవి, పైపలక ఏమో చెక్కపొడి అతికి చేసిన ఎండీఎఫ్ పలక మీద అంటించిన పల్చటి ఓక్ పొర, అదే వెనీర్. అక్కడి కుర్రాణ్ణి అడిగితే రియల్ ఓక్ అండీ అంటాడు. అబద్ధమా అంటే కాదు, పొర కూడా ఓక్ చెట్టుదే కదా! నేను వంగి అంచులు చూడ్డం మొదలుపెట్టా. అసలు చెక్కయితే పైన గీతలు అంచు దాకా వచ్చి, కోసిన దుంగ చివర ఎలా ఉంటుందో అలా తేల్తాయి, అంటించిందైతే అంచుకి వేరే పట్టీ ఉంటుంది, పై గీతకీ కింద గీతకీ పొత్తు కుదరదు. ఈయన కాస్త దూరంగా జరిగి, నేనెవరో తెలీనట్టు లాంపులు చూస్తూ నిలబడ్డారు.

అంచు చూడ్డం నాకు నేర్పింది మామ్మ వాళ్ళింటికొచ్చిన వడ్రంగి. పాత ద్వారబంధం టేకుతో టీపాయ్ చేయించింది మామ్మ, నాకప్పుడు ఏడేళ్ళు. ఆయన అరుగు మీద చిత్రిక పడుతుంటే ఉంగరాలు ఉంగరాలుగా పొట్టు రాలేది, అవి చెవులకి తగిలించుకుని జుంకాలని తిరిగేదాన్ని. మామ్మ గంటకోసారి వచ్చి కాళ్ళు సమానంగా ఉన్నాయా అని అడిగేది. "మూడు కాళ్ళైతే ఎక్కడ పెట్టినా కదలదమ్మగారూ, మీరే నాలుగన్నారు" అనేవాడు విసుగ్గా. (తర్వాతెప్పుడో తెలిసింది, టీపాయ్‌లో టీ తాగే టీ కాదట, తిపాయి, మూడుకాళ్ళది.) అది వచ్చిన వారానికే నాన్న దాని మీద చొక్కా పరిచి బొగ్గుల పెట్టెతో ఇస్త్రీ చేశాడు. పడవ ఆకారంలో మచ్చ. మామ్మ రెండ్రోజులు నాన్నతో మాట్లాడలేదు, మూడోరోజు నరసాపురం లేసు గుడ్డ కప్పేసింది, అంతే. రేడియో, మరచెంబు, మా అత్త పెళ్ళిచూపులకి జంతికల పళ్ళెం, అన్నీ ఆ మచ్చ మీదే. ఆ లేసుకి 2024లో జీఐ ట్యాగ్ వచ్చిందని చదివినప్పుడు నాకు ఆ మచ్చే గుర్తొచ్చింది.

సరే, షాపు. మూడోదాంట్లో ఒకటి నచ్చింది. ఎత్తు మా సోఫా చెయ్యికి సరిపోతుంది, మంచి బరువుంది. ఆ కుర్రాడు జాగ్రత్తలు చదివాడు. గ్లాసు కింద పెట్టే కోస్టర్ లేకుండా ఏదీ పెట్టొద్దు, గది వేడెక్కించే రేడియేటర్ పక్కనొద్దు, హీటింగ్‌కి చెక్క ఎండి బీటలిస్తుంది, తడి ఇనుము తగలనివ్వొద్దు. ఆ చివరిది నిజమే, నా ఓక్ చాపింగ్ బోర్డు మీద తడి పెనం పెట్టి మర్చిపోతే తెల్లారేసరికి నల్లటి చక్రం పడింది, ఓక్‌లో తడి ఇనుము తగిలితే నల్లబడే టానిన్ ఉంటుంది కదా.

కార్లో అత్తయ్యగారు "కాఫీ పెట్టుకోడానికి కొని, కాఫీ పెట్టకూడదంటే ఎలాగమ్మాయ్?" అన్నారు. మామూలుగానే అన్నారు. నేనే "కోస్టర్ ఉంటుంది కదండీ!" అన్నాను, కాస్త గట్టిగా. సాయంత్రం చూస్తే ఆవిడ గ్లాసు నేల మీద కూడా పెట్టట్లేదు, చివరి గుక్క దాకా రెండు చేతుల్తో పట్టుకునే కూర్చున్నారు.

అందుకే నిద్ర పట్టట్లేదు. ఇప్పుడనిపిస్తోంది, వెనీరే నయమేమో. ఎండీఎఫ్ హీటింగ్‌కి పెద్దగా కదలదు, ధరా తక్కువే, గ్లాసు పెట్టినా నా ప్రాణం పోదు. కానీ పొర లేస్తే? మళ్ళీ లేసు గుడ్డేనా?

ఇందాక ఫోన్ టార్చ్ వేసుకుని వెళ్ళి మన టీవీ స్టాండ్ అంచు చూశాను. పట్టీ ఉంది. గీతకీ గీతకీ పొత్తు లేదు. ఎనిమిదేళ్ళుగా ఇంటికొచ్చిన ప్రతివాళ్ళకీ "సాలిడ్ ఓక్ అండీ" అని తట్టి మరీ చూపించాను దాన్ని. ఈయనకి మాత్రం చెప్పను, అకేషన్ జోకే ఇంకా అరగలేదు.